కారణం చెప్పవలసినవారెవరు?

పరులకు చెప్పక కాపాడుకోవలసిన విషయాలు తొమ్మిది ఉన్నవని మన పూర్వ నీతికారులు ఒక లెక్క కట్టినారు. ధనం, ఇంటిగుట్టు, సేవించే ఔషధం, దాంపత్యం ఆ తొమ్మిదింటిలోనివి. వీటికి గోప్యాలని పేరు. గోప్యమనగానే దాచవలసినదని మనకు తోచును. కాని ఆ పదానికి మూలమైన ‘గుప్’ ధాతువునకు రక్షించుట అనే అర్థం కూడ ఉన్నది. రక్షకునికి ‘గోప్త’ అనే పేరు అందుండియే వచ్చినది. కనుక గోప్యమంటే కాపాడదగినది. దాచుట కాపాడుటలో ఒక విధం మాత్రమే.

ఈ అర్థభేదం నిఘంటువుతో ముగిసిపోయేది కాదు. మన న్యాయస్థానాలలో ఇటీవల తీవ్రమైన వాదోపవాదాలకు లోనైన వ్యవహారాలలో రెండు తెగలు ఉన్నవి. ఒకటి ఆర్థిక నేరాలకు సంబంధించినది: అక్రమంగా సంపాదించిన సొమ్మును వెదకుటకై ప్రభుత్వం ఒకరి ఖాతాలను, పెట్టెలను, చిట్టా ఆవర్జాలను ఎంతవరకు తెరువవచ్చును? రెండవది సంతానానికి సంబంధించినది: గర్భం నిలుపుకొనుటకు గాని, మానుకొనుటకు గాని స్త్రీ ఎవరి అనుమతి పొందవలెను? పైకి చూచినచో ఈ రెండింటికి పొత్తు కనబడదు. మొదటి దానిని వర్తకులు చర్చించుకొందురు. రెండవ దానిని గూర్చి చాల ఇండ్లలో గొంతు తగ్గించి మాట్లాడుకొందురు. ఐనను వీటి వంశవృక్షం తీసి చూచినచో మొదలు ఒక్కటే. రెండింటియందును అడుగవలసిన ప్రశ్న కూడ ఒక్కటే: పౌరునికి, ప్రభుత్వానికి నడుమ కారణం చెప్పవలసినవారెవరు? ఈ వంశచరిత్రతో తెలుగువారికి దగ్గరి చుట్టరికమే ఉన్నది.

పద్దుల సోదా

దాల్మియా జైన్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ 1946లో ఏర్పడి 1952లో మూతబడినది. కంపెనీ సొమ్మును దారి మళ్లించినారని, అసలు సంగతి వాటాదారులకు తెలియకుండ తప్పుడు లెక్కలు వ్రాసినారని అభియోగం. పోలీసులు ఒక్కసారిగా 34 చోట్ల సోదాలు జరిపి దస్తావేజులు గుట్టలుగా పట్టుకొన్నారు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పవలెనని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగం చెప్పుచుండగా ఈ సోదాలు ఎట్లు చెల్లునని కంపెనీవారు సుప్రీంకోర్టు నాశ్రయించినారు. 1954 మార్చి 15న ఎనిమిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వారి వాదాన్ని త్రోసిపుచ్చినది. అమెరికా రాజ్యాంగంలో ఉన్నటువంటి గోప్యతా హక్కును మన రాజ్యాంగకర్తలు గుర్తింపదలచలేదని కూడ సందర్భవశాన ఒక మాట అన్నది.

గోప్యత అనే అతిథి మన సర్వోన్నత న్యాయస్థానం గడప త్రొక్కినది ఒక ఆర్థిక నేరపు వ్యాజ్యం చేయి పట్టుకొని. ఆనాడు దానికి పీట వేయలేదు.

ఎనిమిదేండ్లకు ఆ అతిథి మరల వచ్చినది. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో పట్టుబడి, సాక్ష్యం చాలక విడుదలైన ఖరక్ సింగ్ అనే వ్యక్తిపై పోలీసులు నిఘా ఉంచినారు. నడిరేయి తలుపు తట్టి, ఇంట ఉన్నాడో లేడో చూచి పోవుట ఆ నిఘాలో ఒక భాగం. 1962 డిసెంబరు 18 నాటి తీర్పులో అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తులు ఆ రాత్రి సందర్శనాలను మాత్రం కొట్టివేసి, గోప్యత మన రాజ్యాంగంలో హామీ పొందిన హక్కు కాదని అన్నారు. రాజమహేంద్రవరం వాడైన న్యాయమూర్తి కోకా సుబ్బారావు అందుకు సమ్మతింపలేదు. రాజ్యాంగంలో ఆ పేరుతో హక్కు వ్రాసి లేకపోయినను, వ్యక్తిస్వేచ్ఛలో అది విడదీయరాని అంశమని ఆయన భిన్నాభిప్రాయం వ్రాసినారు. భిన్నాభిప్రాయానికి ఆనాడు అమలు లేదు. కాని తీర్పులలో కొన్ని విత్తనాల వంటివి. తడి తగులువరకు నేలలో ఓపికగా పడియుండును.

హైదరాబాదు నుండి రెండు వ్యాజ్యాలు

ఆ విత్తనానికి తడి తగిలిన తావులలో హైదరాబాదు ఒకటి. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక సినీనటి వ్యాజ్యం వచ్చినది. భార్య తనతో కాపురం చేయునట్లు ఆజ్ఞాపించవలెనని ఆమె భర్త కడప న్యాయస్థానంలో దావా వేసినాడు. హిందూ వివాహ చట్టం 9వ సెక్షను అట్టి డిక్రీకి వీలిచ్చుచున్నది. డిక్రీని పాటించనివారి ఆస్తిని జప్తు చేయుటకు సివిల్ ప్రొసీజరు కోడు వీలిచ్చుచున్నది. శరీరంపై ఆజ్ఞ, అది మీరినచో సొమ్ముపై దెబ్బ. మన నీతికారులు ఒక వరుసలో కూర్చోబెట్టిన రెండు గోప్యాలను చట్టం ఇట్లు ఒకే త్రాటితో కట్టినది.

న్యాయమూర్తి పి.ఏ. చౌదరి ఆ సెక్షనును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినారు. కాపురానికి పంపుట అనే మాట వెనుక, ఇష్టం లేని స్త్రీ శరీరంలో మరొక ప్రాణి రూపొందుటకు ప్రభుత్వం దారి తీయుట ఉన్నదని ఆయన చూచినారు. తల్లి కావలెనో వద్దో, ఎప్పుడు కావలెనో నిర్ణయించుకొనే అధికారం ఆ డిక్రీతో ఆమె చేతినుండి జారి రాజ్యం చేతిలోనికి పోవుచున్నదని ఆయన హేతువు. సంతాన విషయమైన స్వేచ్ఛను గోప్యతతో ముడిపెట్టి మన దేశంలో అంత విపులంగా చర్చించిన తొలి తీర్పులలో ఇది ఒకటి. మరుసటి ఏడే, 1984లో, వేరొక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ అభిప్రాయాన్ని అంగీకరింపక 9వ సెక్షనును నిలబెట్టినది. 2019లో ఆ సెక్షనుపై మరల ఒక పిటిషను సుప్రీంకోర్టుకు చేరినది.

రెండవ వ్యాజ్యం పద్దులకు సంబంధించినది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపుల చట్టం 73వ సెక్షనును సవరించినది. స్టాంపు సుంకం ఎగవేత జరిగినదేమో కనుగొనుటకై కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తియైనను, ఏ ఆవరణలోనైనను ప్రవేశించి, పత్రాలు తనిఖీ చేసి, పట్టుకొని పోవచ్చునని ఆ సవరణ సారాంశం. అనుమానానికి కారణమేమో ముందుగా వ్రాసి ఉంచవలెనన్న నియమం అందులో లేదు. బ్యాంకులు న్యాయస్థానానికెక్కినవి. హైకోర్టు సవరణను కొట్టివేసినది. 2004 నవంబరు 1న సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసినది. ఖాతాదారు తన పత్రాన్ని బ్యాంకులో ఉంచినంతమాత్రాన అది బజారున పడినట్లు కాదని, గోప్యత స్థలానికి గాక మనిషికి చెందినదని ఆ తీర్పు తేల్చినది. నా పత్రం నా పెట్టెలో ఉన్నను, బ్యాంకువారి బీరువాలో ఉన్నను, నేను దానిపై పెట్టుకొన్న నమ్మకం నా వెంటనే ఉండునన్నమాట.

తొమ్మిదిమంది న్యాయమూర్తులు

ఈ పాయలన్నీ కలిసినది 2017 ఆగస్టు 24న. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి ఆధార్ పథకంపై వేసిన పిటిషనులో, గోప్యత ప్రాథమిక హక్కేనా అనే ప్రశ్న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్లినది. వారు ఏకగ్రీవంగా అవునన్నారు. 1954 నాటి మాటను, 1962 నాటి మాటను త్రోసివేసి, సుబ్బారావు భిన్నాభిప్రాయమే సరియైనదని నిలబెట్టినారు. యాభైయైదేండ్లకు విత్తనం మొలకెత్తినది. ఆ ధర్మాసనంలోని కృష్ణాజిల్లా వాడైన న్యాయమూర్తి జాస్తి చలమేశ్వర్ తమ తీర్పులో బిడ్డను కనుట, గర్భం తొలగించుకొనుట అనే స్త్రీ నిర్ణయాలు గోప్యతా పరిధిలోనివేనని స్పష్టంగా వ్రాసినారు. బ్యాంకు పత్రాల తీర్పు, సంతాన స్వేచ్ఛ తీర్పు ఆనాడు ఒకే కప్పు క్రిందికి వచ్చినవి.

హక్కు ఉన్నంతమాత్రాన ప్రభుత్వం ఎన్నడూ లోనికి రాకూడదని ఆ తీర్పు చెప్పలేదు. రాదలచినచో మూడు చూపవలెనన్నది: అందుకొక చట్టం ఉండవలెను, న్యాయమైన ప్రయోజనం ఉండవలెను, ప్రయోజనానికి తగినంత మేరకే జోక్యం ఉండవలెను. ఎలుకను పట్టుటకై ఇల్లు తగలబెట్టరాదని మన పల్లెవాడు చెప్పే నీతియే ఇది. 2018 సెప్టెంబరు 26న ఆధార్ చట్టంపై వచ్చిన తీర్పు ఈ కొలతకు మంచి ఉదాహరణం. సొమ్ము మళ్లింపును అరికట్టుటకని ప్రతి బ్యాంకు ఖాతాను ఆధార్‌తో జోడింపవలెనన్న నియమాన్ని న్యాయస్థానం అందులో కొట్టివేసినది. కొందరు దొంగలు ఉన్నారని ఖాతాదారులందరినీ అనుమానితుల వరుసలో నిలబెట్టరాదన్నది దాని భావం.

సత్యం నేర్పిన పాఠం

ఇక్కడ ఎదుటివారి వాదాన్ని కూడ నిండుగా వినవలసియున్నది. గోప్యత దొంగకు కూడ దుప్పటి కాగలదు. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి వ్రాసిన లేఖ దేశాన్ని దిగ్భ్రమ పరచినది. కంపెనీ లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆ లేఖలో ఆయనే ఒప్పుకొన్నారు. పద్దులోని అంకెను నమ్మి వాటాలు కొన్నవారిలో సామాన్యులు ఎందరో ఉన్నారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా నిర్ణయించగా వారు అప్పీలు చేసుకొన్నారు. ఇట్టి వ్యవహారంలో బ్యాంకు చిట్టా తెరువకుండ నిజం తేల్చుట సాధ్యమా? ఉప్పు తిన్నవాడు నీళ్లు త్రాగవలసినదే. పద్దు తెరువవలెననుటలో వివాదం లేదు. ఏ కారణం చూపి, ఏ పద్ధతిలో అనుటలోనే వివాదం.

అక్రమ ధనం మళ్లింపు నిరోధక చట్టం 2002లో వచ్చి, 2005 జూలై 1 నుండి అమలైనది. ఈ చట్టంలో రెండు నియమాలు సాధారణ నేరన్యాయానికి భిన్నమైనవి. 24వ సెక్షను ప్రకారం, అభియోగం పొందినవాని సొమ్ము విషయమై న్యాయస్థానం ముందుగానే ప్రతికూలంగా భావించును. కాదని చూపవలసిన భారం అతనిది. 45వ సెక్షను ప్రకారం, ప్రాసిక్యూటరు అభ్యంతరం చెప్పినచో, నిందితుడు దోషి కాడని నమ్ముటకు తగిన ఆధారాలున్నవని, విడుదలైన పిదప మరల నేరం చేయడని న్యాయస్థానం తృప్తి చెందిననే గాని జామీను దొరకదు. విచారణ చివర తేలవలసినది విచారణకు ముందే కొంత తేలవలెనన్నమాట. 2017లో సుప్రీంకోర్టు ఈ జామీను షరతులను కొట్టివేసినది. 2018లో పార్లమెంటు చట్టాన్ని సవరించినది. 2022 జూలై 27న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ నియమాలను సమర్థించినది. నేరపు మూలాంశాలను ప్రాసిక్యూషనువారే మొదట స్థాపించవలెనని, ఆ పిమ్మటనే భారం నిందితుని మీదికి మరలునని ఆ తీర్పు వివరించినదని న్యాయంగా చెప్పవలెను.

సంస్కృత తర్కంలో ‘అనుమానం’ ఒక ప్రమాణం. పొగను చూచి నిప్పును తెలిసికొనుట వంటిది. తెలుగులో ‘అనుమానం’ అంటే సందేహం. ఆర్థిక నేరాల చట్టం నడిచేది ఈ రెండు అర్థాల సరిహద్దుపైననే. పొగ చూపి నిప్పు ఉన్నదనుట ప్రమాణం. పొగ చూపక, నిప్పు లేదని నీవే నిరూపించుమనుట సందేహం. కనుకనే ఆ తీర్పు వెలువడిన నెలలోగా, 2022 ఆగస్టు 25న, ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం పునఃపరిశీలన పిటిషనుపై నోటీసు ఇచ్చినది. నిందితునికి అభియోగ నివేదిక ప్రతి ఇయ్యకుండుట, నిర్దోషిత్వ భావనను తలక్రిందులు చేయుట అనే రెండంశాలు తిరిగి చూడదగినవని అన్నది. 2023 అక్టోబరు 3న మరొక తీర్పు, అరెస్టు చేసినవారికి అందుకు కారణాలను వ్రాతపూర్వకంగా అందజేయవలెనని శాసించినది. వ్రాతలో కారణం! స్టాంపుల చట్టపు సవరణలో లోపించినదియు అదే.

‘తప్పు చేయనివానికి భయమెందుకు?’ అని అడుగువారున్నారు. గుమ్మడికాయల దొంగ అనగా భుజాలు తడుముకొన్న సామెతను ఉదాహరింతురు. కాని ఆ సామెతలో ముందు గుమ్మడికాయలు పోవలెను గదా! పోయినదేమో చెప్పక ఊరందరి భుజాలు చూపుమనుట సామెతకు విరుద్ధం.

వైద్యుని అనుమతి

ఇక రెండవ గోప్యం. శిక్షాస్మృతిలో గర్భస్రావం చేయించుట నేరం; స్త్రీ తనకు తాను చేసికొన్నను నేరమే. 1860 నాటి 312వ సెక్షను 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలో 88వ సెక్షనుగా కొనసాగుచున్నది. చాటుమాటు గర్భస్రావాలలో స్త్రీల ప్రాణాలు పోవుట చూచి శాంతిలాల్ షా సంఘం చేసిన సిఫారసులపై 1971లో వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చినది. చాలమంది ఇది స్త్రీకి హక్కు నిచ్చిన చట్టమనుకొందురు. జాగ్రత్తగా చదివినచో, అది చట్టప్రకారం నడుచుకొన్న వైద్యునికి శిక్షనుండి రక్షణ నిచ్చిన చట్టం. తల్లి ప్రాణానికి ముప్పు, ఆమె శారీరక మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని, శిశువునకు తీవ్ర వైకల్యం అనే కారణాలలో ఒకటి ఉన్నదని వైద్యుడు సద్భావంతో అభిప్రాయపడవలెను. స్త్రీ అడుగును, వైద్యుడు నిర్ణయించును.

2009లో చండీగఢ్ నుండి వచ్చిన వ్యాజ్యం ఈ హక్కుకు రెండవ ముఖాన్ని చూపినది. ప్రభుత్వ ఆశ్రమంలో ఉన్న, స్వల్ప మానసిక వైకల్యంగల ఒక యువతి అత్యాచారానికి గురియై గర్భవతి అయినది. ఆమె మేలు కోరియే హైకోర్టు గర్భం తొలగింపుమన్నది. ఆమె మాత్రం బిడ్డను కంటానన్నది. ఆమె మాటయే చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సంతాన విషయమైన నిర్ణయం రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తిస్వేచ్ఛలో భాగమని, కనుటకును మానుటకును అది వర్తించునని ఆ తీర్పు స్పష్టం చేసినది. ఈ హక్కును కేవలం గర్భవిచ్ఛిత్తి హక్కుగా భావించువారు ఈ వ్యాజ్యాన్ని మరువరాదు.

2021 సవరణతో, నియమాలలో పేర్కొన్న వర్గాల స్త్రీలకు గడువు 24 వారాలైనది. 2022లో ఇరువది అయిదేండ్ల అవివాహిత ఒకరు ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించగా, ఆమె ఆ వర్గాలలో చేరదని హైకోర్టు నిరాకరించినది. జూలై 21న సుప్రీంకోర్టు వైద్య పరీక్షకు లోబడి ఆమెకు అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు నిచ్చి, సెప్టెంబరు 29న పూర్తి తీర్పు వెలువరించినది. వివాహిత, అవివాహిత అనే భేదం చెల్లదన్నది. చట్టంలో లేని అనుమతులను, కాగితాలను వైద్యులు స్త్రీలను అడుగరాదన్నది. భర్త సంతకం తెమ్మనుట అట్టివాటిలో ఒకటి. కాని ఆ హక్కుకు కూడ గట్టు ఉన్నది. 2023 అక్టోబరు 16న, 26 వారాలు దాటిన ఒక వివాహిత కోరికను న్యాయస్థానం నిరాకరించినది. ఆమె ఇద్దరు బిడ్డల తల్లి. ప్రసవానంతర మనోవ్యాధికి చికిత్స పొందుచున్నది. అంతకు ఐదు దినాల ముందు అదే వ్యాజ్యంలో ఇద్దరు న్యాయమూర్తులు చెరియొక దారి పట్టినారు. దీనినిబట్టియే సమస్య ఎంత సున్నితమో తెలియును.

తూకం

2022 జూలై నెలను ఒకసారి తలచుకొందము. ఒకే న్యాయస్థానం 21వ తేదీన ఒక అవివాహిత నిర్ణయానికి విలువ ఇచ్చినది. 27వ తేదీన ఆర్థిక నేర నిందితునిపై భారాన్ని నిలబెట్టినది. మొదటి దానిని హర్షించినవారు కొందరు రెండవదానిని పట్టించుకొనలేదు. రెండవదానిని ఖండించినవారు కొందరు మొదటిదానిని ఆడవారి సంగతి అని విడిచిపెట్టినారు. ఇది పొరపాటు చూపు. అమెరికాలో చూడుడు: 1973లో గర్భవిచ్ఛిత్తిని గోప్యతా హక్కుగా గుర్తించిన సుప్రీంకోర్టే 1976లో బ్యాంకు పత్రాలపై ఖాతాదారుకు అట్టి హక్కు లేదన్నది. 2022 జూన్ 24న 1973 నాటి తీర్పును కూడ రద్దు చేసినది. మన న్యాయస్థానం 2004లో ఆ బ్యాంకు తీర్పును అనుసరింప నిరాకరించి వేరు దారి పట్టుట వలననే మన రెండు కొమ్మలకు ఒకే మొదలు దక్కినది.

అట్లని రెండును సమానమనుట కాదు. పద్దులో పరుల సొమ్ము ఉండవచ్చును. మోసపోయినవారి కన్నీరు ఉండవచ్చును. కనుక తగిన కారణం చూపి, ఆ కారణాన్ని వ్రాసి, ప్రభుత్వం దానిని తెరువవచ్చును; తెరువవలెను కూడ. స్త్రీ దేహంలో ఎవరి దొంగసొత్తును లేదు. అక్కడ రాజ్యం చూపదగిన ఆసక్తి వైద్యసహాయం అందించుట, ప్రాణం కాపాడుట. గర్భం ముదిరినకొలది ఎదుగుచున్న శిశువును గూర్చి ఆలోచించుట. గట్టు ఎక్కడ వేయవలెనో విజ్ఞులు వాదించుకొనవచ్చును. కాని ఆ గట్టుకు కారణం రాజ్యమే చెప్పవలెను. ‘నీవు పరిశుద్ధుడవని ముందు నీవే చూపుము’ అని వర్తకునితో అన్నను, ‘నీ కారణం మాకు నచ్చిననే నీ దేహం నీది’ అని స్త్రీతో అన్నను, అనేవారి స్వభావం ఒక్కటే.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలో చెప్పవచ్చునా అని సంకోచింపనవసరం లేదు. పౌరశాస్త్రంలో 21వ అధికరణం చెప్పునపుడు రాత్రివేళ తలుపు తట్టిన పోలీసును, కలెక్టరు పంపిన తనిఖీదారును, ఆసుపత్రిలో భర్త సంతకం అడిగిన వైద్యుని వరుసగా నిలబెట్టి, ‘వీరిలో ప్రతివాడును మొదట ఏమి చూపవలెను?’ అని విద్యార్థులను ప్రశ్నించిన చాలును. పిల్లలు తడుముకొనక సమాధానం చెప్పుదురు. సుబ్బారావు 1962లో ఒంటిచేతితో కాకపోయినను, అల్పసంఖ్యలో నిలిచి వ్రాసిన మాటకు, ఆనాటికి పుట్టని విద్యార్థి నోట వచ్చే ఆ సమాధానమే ఈనాటి అమలు.